సంస్థ చేతులు మారునప్పుడు పన్ను ఎవరిది?

కోనసీమలో వ్యాపారసంస్థలు చేతులు మారుట క్రొత్తవిషయము కాదు. అంబాజీపేట కొబ్బరివర్తకుల కొట్లును, అమలాపురము, కొత్తపేట ప్రాంతముల ధాన్యపుమిల్లులును, తీరప్రాంతమున విస్తరించిన రొయ్యల చెరువులును, కొబ్బరిపీచు యంత్రశాలలును ఒక కుటుంబమునుండి మఱియొక కుటుంబమునకు, ఒక భాగస్వామినుండి మఱియొక భాగస్వామికి సంక్రమించుచునే యున్నవి. అయినను ఇట్టి క్రయమునకు పూనుకొనువారిలో పెక్కురు ధరను గూర్చి నెలలతరబడి బేరమాడి, తాము కొనుచున్నది కంపెనీ షేర్లా, నడుచుచున్న వ్యాపారమంతయునా, లేక భూమి, యంత్రములు, నిల్వసరకు అను విడివిడి ఆస్తులా అను ప్రశ్నను దస్తావేజు వ్రాయువేళకు గాని తలపునకు తెచ్చుకొనరు. ఈ క్రమము తలక్రిందులైనదని నా దృఢమైన అభిప్రాయము. క్రయము ధరించిన రూపమే దానిపై పడు పన్నును నిర్ణయించును. ఆ రూపమును ముందుగా ఆలోచింపక కొన్నవాడు తనకు తెలియకయే అమ్మినవాని పాతబాకీలను, ఒక్కొక్కప్పుడు అమ్మినవాడు కట్టవలసిన పన్నును గూడ నెత్తిన వేసికొనుచున్నాడు. దీనికి నిదర్శనము దూరమున వెదకనక్కరలేదు. అంతర్జాతీయ పన్నుల న్యాయమును చదువువారందరు నేడు ఎరిగిన ఒక మహావివాదమునకు ఆధారభూతమైన నిక్షేపములలో ఒకటి ఉప్పలగుప్తము మండలమున, ఎస్.యానాము తీరమునకు ఎదుట, సముద్రగర్భమున నున్నది.

రవ్వ చమురుక్షేత్రమును ఓఎన్‌జీసీ 1987లో కనుగొనెను. 1994 అక్టోబరు 28వ తేదీన దానికై ఉత్పత్తిపంపక ఒప్పందము కుదిరినప్పుడు ఓఎన్‌జీసీతోడను, వీడియోకాన్‌తోడను, రవ్వ ఆయిల్ అను సింగపూరు సంస్థతోడను కలసి పాలుపంచుకొని, నిర్వహణభారమును వహించినది ఆస్ట్రేలియాకు చెందిన కమాండ్ పెట్రోలియము. 1996లో ఎడింబరో నగరమున ప్రధానకార్యాలయముగల కెయిర్న్ ఎనర్జీ కంపెనీ ఆ కమాండ్ పెట్రోలియమును కొని, తద్ద్వారా రవ్వలో 22.5 శాతము వాటాకును నిర్వహణకును అధికారిణి యయ్యెను. ఇచ్చట పాఠకుడు ఒక క్షణము నిలిచి ఆలోచింపవలెను. చమురుబావి అమ్ముడుపోలేదు, ఎస్.యానాములోని టెర్మినల్ అమ్ముడుపోలేదు, ఒప్పందము ప్రకారము ప్రభుత్వమునకు రావలసిన భాగము తగ్గలేదు. ఆ హక్కును ధరించియున్న కంపెనీయొక్క షేర్లు మాత్రము వేరొక దేశమున వేరొకరి చేతికి పోయినవి. ఆస్తి ఒకచోట, దాని యాజమాన్యపు కాగితము వేరొకచోట ఉన్నప్పుడు లాభము ఎచ్చట పుట్టినదని చెప్పవలెను? తరువాతి చరిత్రయంతయు ఈ ప్రశ్న చుట్టును తిరిగినదే.

2004లో రాజస్థానమున మంగళా నిక్షేపమును కనుగొన్న పిమ్మట కెయిర్న్ తన భారతీయవ్యాపారమునంతను ఒక్క గొడుగు క్రిందికి తెచ్చి, దాని షేర్లను ఇచ్చటి ప్రజలకు విక్రయింప సంకల్పించెను. 2006లో జరిగిన పునర్వ్యవస్థీకరణ ఈ విధముగా నుండెను: కెయిర్న్ యూకే హోల్డింగ్స్ అను బ్రిటిష్ సంస్థ తన అధీనమునందలి అనుబంధకంపెనీల షేర్లను జెర్సీ ద్వీపమున నమోదైన కెయిర్న్ ఇండియా హోల్డింగ్స్‌కు బదలాయించెను, ఆ జెర్సీ కంపెనీ షేర్లను భారతదేశమున క్రొత్తగా స్థాపింపబడిన కెయిర్న్ ఇండియా లిమిటెడ్ కొంత రొక్కమునకును, కొంత తన సొంతషేర్లకును కొనెను, పిదప కెయిర్న్ ఇండియా షేర్లు 2007 జనవరి 9న స్టాక్ ఎక్స్ఛేంజీలలో నమోదైనవి. అనగా కొన్నదియు అమ్మినదియు ఒకే కుటుంబమునకు చెందిన సంస్థలు. అయినను చట్టముదృష్టిలో ప్రతి కంపెనీయు వేర్వేరు వ్యక్తి.

ఆ మరుసటి నెలయందే వొడాఫోన్ కంపెనీ హచిసన్‌వారి భారతీయ టెలిఫోను వ్యాపారమును కేమన్ ద్వీపములలోని ఒక కంపెనీ షేరును కొనుటద్వారా హస్తగతము చేసికొనెను. విదేశమున ఇద్దరు విదేశీయుల నడుమ జరిగిన ఈ విక్రయముపై భారతదేశము పన్ను వేయజాలదని సుప్రీంకోర్టు 2012 జనవరి 20న తీర్పు చెప్పెను. అప్పుడు ప్రభుత్వము చేసిన పని యెట్టిదనగా, తీర్పును శిరసావహించి ఇకముందునకు చట్టమును మార్చుటకు బదులు, విదేశీకంపెనీ షేరైనను దాని విలువ భారతదేశపు ఆస్తులనుండి వచ్చుచున్నచో ఆ షేరు భారతదేశముననే యున్నట్లు భావింపవలెనని 1962 ఏప్రిల్ 1 నుండియే వర్తించునట్లు ఆ సంవత్సరపు ఆర్థికచట్టమున చేర్చెను. పార్థసారథి షోమ్ అధ్యక్షతన నియమింపబడిన నిపుణులసంఘము ఈ నిబంధన ముందుకాలమునకే వర్తింపవలెనని సిఫారసు చేసినను ఆ మాట చెవికెక్కలేదు.

2014 జనవరిలో ఆదాయపు పన్ను శాఖ కెయిర్న్‌కు నోటీసు పంపెను. 2015 మార్చిలో 2006 నాటి బదలాయింపుపై 10,247 కోట్ల రూపాయల మూలధనలాభపు పన్ను కట్టవలెనని నిర్ణయించెను. ఇది అమ్మినవానిపై పడిన భారము. కొన్నవానిపై పడినది ఇంతకంటె పెద్దది: అమ్మకందారునకు సొమ్ము చెల్లించునప్పుడు మూలమునందే పన్ను మినహాయింపలేదను కారణమున, పన్నును వడ్డీయును కలిపి 20,495 కోట్ల రూపాయలు చెల్లింపుమని కెయిర్న్ ఇండియాకు ఉత్తరువు వచ్చెను. అప్పటికి ఆ కంపెనీ వేదాంత చేతిలో నుండెను. 2006లో పాత యజమాని తనలో తాను జరుపుకొన్న లావాదేవీకై 2011లో కొన్న యజమాని 2015లో జవాబు చెప్పవలసి వచ్చినది. కంపెనీని షేర్లద్వారా కొనువాడు దాని గతమునంతయు కొనుచున్నాడను సూత్రమునకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణము నాకు కనబడలేదు.

తరువాతి ఘట్టములను సంగ్రహముగా చెప్పెదను. 2017 మార్చిలో ఢిల్లీలోని ఆదాయపు పన్ను అప్పీలు ట్రిబ్యునలు పన్నును సమర్థించియు, వెనుకటి తేదీకి వర్తించు చట్టమును ముందుగా ఊహించి పన్ను కట్టుట ఎవరికిని సాధ్యము కాదు కావున వడ్డీ చెల్లదని తేల్చెను. శాఖవారు కెయిర్న్‌వద్ద మిగిలిన షేర్లను జప్తుచేసి విక్రయించిరి, డివిడెండ్లను పట్టుకొనిరి. కంపెనీ 1994 నాటి భారత-బ్రిటన్ పెట్టుబడిరక్షణ ఒడంబడిక క్రింద మధ్యవర్తిత్వమునకు పోగా, హేగ్ నగరమునందలి ధర్మాసనము 2020 డిసెంబరు 21న వడ్డీయును ఖర్చులును గాక 120 కోట్ల డాలర్లకు పైగా భారతప్రభుత్వము చెల్లింపవలెనని తీర్పిచ్చెను. 2021 జూలైలో పారిస్ నగరమున భారతప్రభుత్వపు ఆస్తులపై నిర్బంధము పడినంతవరకు వ్యవహారము పోయినది. తుదకు ఆ ఆగస్టులో పార్లమెంటు 2012 మే 28కి పూర్వపు లావాదేవీలపై ఆ నిబంధన వర్తింపదని చట్టము చేసి, పట్టిన సొమ్మును వడ్డీలేకుండ తిరిగి యిచ్చుటకు అంగీకరించెను. 2022 ఫిబ్రవరిలో సుమారు 7,900 కోట్ల రూపాయలు తిరిగి చెల్లింపబడినవి.

ఈ చరిత్రమునుండి రెండు నిర్ణయములు చేయవలసియున్నవని నా భావన. మొదటిది: ఎస్.యానాము తీరపు చమురునకు గాని, రాజస్థానపు మరుభూమి చమురునకు గాని విలువ జెర్సీ ద్వీపమున పుట్టదు. కావున ఆ విలువపై వచ్చిన లాభమున భారతదేశమునకు పన్నుహక్కు కావలెనని కోరుట న్యాయమే. నేటి చట్టమునందును ఆ హక్కు హద్దులతోకూడి నిలిచియే యున్నది: విదేశీకంపెనీకి గల భారతీయాస్తుల విలువ 10 కోట్ల రూపాయలకు మించి, దాని మొత్తము ఆస్తులలో సగమునకు తక్కువ కాకున్నచో షేర్ల విక్రయము ఇచ్చట పన్నునకు లోబడును; యాజమాన్యమున జోక్యములేక 5 శాతమునకు మించని వాటా గలవారికి మినహాయింపు కలదు. రెండవది: న్యాయమైన హక్కును అన్యాయమైన మార్గమున వసూలు చేయబూనుట రాజ్యమునకు శోభ గాదు. లావాదేవీ జరిగిననాడు లేని నియమమునకు ఆరేండ్ల తరువాత జవాబుదారులను చేసినచో, ఏ నిర్మాణమును ఎంచుకొనవలెనో చెప్పుటకు ఏ ప్లీడరునకును ఏ ఆడిటరునకును సాధ్యము కాదు.

మన తెలుగునేలపై ఇదే ప్రశ్నను ఇంతకంటె ప్రశాంతముగా పరిష్కరించిన తీర్పొకటి గలదు. కె.ఐ. వరప్రసాదరెడ్డిగారు 1993లో హైదరాబాదున స్థాపించి, హెపటైటిస్-బి టీకాను సామాన్యులకు అందుబాటులోనికి తెచ్చిన శాంతా బయోటెక్నిక్స్ సంస్థయొక్క అధికసంఖ్యాక షేర్లు షాన్‌హెచ్ అను ఫ్రెంచి కంపెనీ చేతికి పోయినవి. 2009లో ఆ షాన్‌హెచ్‌ను సనోఫీ కొనెను. పన్నుశాఖ ఈ విక్రయమును భారతీయాస్తి విక్రయముగా నెంచగా, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2013 ఫిబ్రవరి 15న భారత-ఫ్రాన్సు ద్వంద్వపన్ను నివారణ ఒడంబడిక ప్రకారము ఆ లాభముపై పన్నువేయు హక్కు ఫ్రాన్సుదేయనియు, 2012 నాటి సవరణ ఆ ఒడంబడికను తోసిపుచ్చజాలదనియు, షాన్‌హెచ్ కేవలము పన్ను తప్పించుకొనుటకు నిలిపిన బొమ్మ గాక నిజమైన వ్యాపారప్రయోజనముగల సంస్థయనియు నిర్ణయించెను. ఈ కడపటి మాట చిన్నసంస్థలకు గూడ ముఖ్యమైనది: నిర్మాణమునకు వ్యాపారప్రయోజనము ఉండవలెను, ఆ ప్రయోజనము ఆచరణలో కనబడవలెను.

ఇక ఇంటికి వత్తము. రాజోలు ప్రాంతమున రొయ్యలవ్యాపారము చేయు ఒక ప్రైవేటు కంపెనీని, లేదా కొత్తపేట చుట్టుప్రక్కల ఒక మిల్లును కొనదలచినవానికి వేలకోట్లతో పనిలేదు గాని ప్రశ్నలు మాత్రము అవియే. షేర్లను కొనినచో ముద్రాసుంకము నామమాత్రము; డీమాట్ రూపమున బదలాయింపునకు 0.015 శాతము. షేర్లు వస్తువులును గావు, సేవలును గావు గనుక జీఎస్టీ లేదు. అనుమతిపత్రములు, విద్యుత్తు కనెక్షను, బ్యాంకు పరిమితులు కంపెనీ పేరననే కొనసాగును. కాని పూర్వపు పన్నువివాదములు, జీఎస్టీ నోటీసులు, భవిష్యనిధి బకాయిలు సమస్తమును కంపెనీతో కలసియే వచ్చును. చెల్లించిన ధర ఎంత హెచ్చైనను అది షేర్ల వెలగానే నిలిచిపోవును గాని యంత్రములపై తరుగుదల ఒక్క రూపాయియైనను పెరుగదు. నష్టములలోనున్న కంపెనీని ఆ నష్టములకొరకే చౌకగా కొందమనుకొనువారు మఱింత జాగరూకులై యుండవలెను: ప్రైవేటు కంపెనీలో నష్టము వచ్చిననాడు ఓటుహక్కుగల వాటాలో 51 శాతమును కలిగియున్నవారు మారిపోయినచో సాధారణముగా ఆ వ్యాపారనష్టము ముందుకు సాగదు; సర్దుబాటుకాని తరుగుదల మాత్రము సాగును.

ఇందులో మనప్రాంతమున పెక్కురు గమనింపని చిక్కొకటి కలదు. నమోదుకాని షేర్లను వాని న్యాయమైన విలువకంటె తక్కువకు కొన్నచో, ఆ తేడా 50,000 రూపాయలకు మించినప్పుడు కొన్నవాని ఆదాయముగా పరిగణింపబడును. అమ్మినవానికి గూడ ఆ విలువయే అమ్మకపుధరగా లెక్కకట్టబడును. ఆ లెక్కలో కంపెనీ పేరనున్న భూమి పుస్తకమునందలి పాతధరకు గాక రిజిస్ట్రేషను శాఖవారి విలువకు ఎక్కును. ముప్పదియేండ్ల క్రిందట ఎకరముల లెక్కన కొన్న మిల్లుస్థలము నేడు రహదారి ప్రక్కకు వచ్చి గజముల లెక్కన విలువకట్టబడుచున్నచో, అప్పులతో మునిగిన ఆ మిల్లు కంపెనీని అగ్గువకు కొన్న ఆసామికి లాభము రాకముందే పన్నునోటీసు రావచ్చును.

ఆస్తులను విడివిడిగా కొను పద్ధతిలో గతపు భారము చాలవరకు అమ్మినవానియొద్దనే యుండును. కొన్నధరపై భవనములకు 10 శాతము, యంత్రములకు 15 శాతము చొప్పున తరుగుదల క్రొత్తగా మొదలగును. చెరువులను గూర్చి ఒక ఉపకారమైన తీర్పు గలదు: రొయ్యలను పెంచుటకై ప్రత్యేకముగా నిర్మించిన చెరువులు వ్యాపారమునకు పరికరములే గనుక యంత్రసామగ్రితో సమానముగా తరుగుదలకు అర్హములని విక్టరీ ఆక్వా ఫారమ్ కేసులో సుప్రీంకోర్టు 2015లో నిర్ణయించినది. కాని పేరుప్రతిష్ఠలకై చెల్లించిన అధికధరపై, అనగా గుడ్‌విల్‌పై, తరుగుదలను 2021 ఆర్థికచట్టము తొలగించినది. భూమికి ఆంధ్రప్రదేశమున ముద్రాసుంకము, బదలాయింపు సుంకము, రిజిస్ట్రేషను రుసుము కలిపి 7.5 శాతము, యంత్రములకును సరకునకును జీఎస్టీ, అమ్మినవానికి తరుగుదల పొందిన ఆస్తులపై వచ్చు లాభమంతయు స్వల్పకాలికమే. కావుననే కొనువానికి ప్రియమైన ఈ మార్గము అమ్మువానికి అప్రియము. ఆ అప్రియత్వపు వెల ధరలోనికి వచ్చి చేరును.

నడుచుచున్న వ్యాపారమును మొత్తముగా, ఏ ఆస్తికి ఎంతయని విడదీయక, ఒక్క ధరకు అమ్మునది మూడవ మార్గము. ఆడిటర్లు దీనిని స్లంప్ సేల్ అందురు. వ్యాపారము 36 నెలలకు మించి నడచినదైనచో నికరవిలువను మించిన లాభముపై 12.5 శాతము పన్ను, దానిపై సర్‌చార్జి, సెస్సు ఉండును. జీఎస్టీనుండి మినహాయింపు కలదు. భూమికి ముద్రాసుంకము మాత్రము తప్పదు. భాగస్వామ్యసంస్థల మిల్లులకు నా దృష్టిలో ఇదియే తరచుగా తగిన మార్గము. అయితే వ్యాపారమును మొత్తముగా కొన్నవాడు బదలాయింపునాటివరకు గల జీఎస్టీ బకాయిలకు అమ్మినవానితో సమానముగా బాధ్యుడు. ఆ బకాయి తరువాత ఎప్పుడు తేలినను బాధ్యత పోదు. ఆదాయపు పన్ను విచారణ నడుచుచుండగా ఆస్తిని అమ్మినచో ఆ విక్రయము శాఖవారికి వ్యతిరేకముగా చెల్లకపోవచ్చును గనుక అధికారి అనుమతిపత్రమును ముందుగా తెచ్చుకొనుమని అడుగుట కొనువాని హక్కు.

కెయిర్న్ ఇండియాకు తగిలిన మూలపుపన్ను దెబ్బ మనకు దూరమని భ్రమింపరాదు. గల్ఫు దేశములలోను అమెరికాలోను బిడ్డలులేని ఇండ్లు నేడు కోనసీమలో అరుదు. తండ్రి స్థాపించిన కంపెనీలో అమెరికానున్న అన్నగారి వాటాను ఇచ్చటి తమ్ముడు కొనునప్పుడు, ఆ అన్నగారు పన్నుచట్టముదృష్టిలో ప్రవాసియైనచో, చెల్లింపునుండి పన్ను మినహాయించి ప్రభుత్వమునకు కట్టవలసిన బాధ్యత తమ్మునిదే. "మనలో మనకు పన్నేమిటి" అనుకొని సొమ్మంతయు పంపివేసినవాడు అన్నగారి పన్నును వడ్డీతోకూడ తాను కట్టుకొనవలసి వచ్చును. ముందుగా శాఖవారికి దరఖాస్తు చేసి, ఎంత మినహాయింపవలెనో ధ్రువపత్రము తెచ్చుకొన్నచో అన్నదమ్ముల నడుమ మాటయు నిలుచును, లెక్కయు నిలుచును.

కొన్న సంస్థను ఏ రూపమున నడుపవలెనను ప్రశ్నకు వత్తము. భాగస్వామ్యసంస్థకును ఎల్ఎల్‌పీకిని పన్ను 30 శాతము, సెస్సుతో 31.2, కోటిరూపాయల ఆదాయము దాటినచో సర్‌చార్జి అదనము. కాని పన్నుకట్టిన పిమ్మట భాగస్వామికి వచ్చు వాటాపై మరల పన్ను లేదు. మూలధనముపై 12 శాతమువరకు వడ్డీయును, పరిమితికి లోబడి జీతమును సంస్థ ఖర్చుగా చూపవచ్చును. కంపెనీ మినహాయింపులను వదలుకొని 22 శాతపు పద్ధతిని ఎంచుకొన్నచో సర్‌చార్జి, సెస్సులతో 25.168 శాతము కట్టును. ఇంతవరకు చూచి కంపెనీయే లాభమని తొందరపడువారు గలరు. నూరురూపాయల లాభములో కంపెనీ పన్నుపోగా మిగిలిన 74.83ను డివిడెండుగా పంచినచో, 2020 ఏప్రిల్ నుండి ఆ డివిడెండు షేరుదారుని ఆదాయమున కలియును. అతడు 30 శాతపు శ్రేణిలోనున్నవాడైనచో చేతికి వచ్చునది 51.48 రూపాయలు మాత్రమే. భాగస్వామ్యములో 68.80 మిగులును. లాభమును ఏటేట ఇంటికి తెచ్చుకొను కుటుంబమునకు భాగస్వామ్యమో ఎల్ఎల్‌పీయో మేలు. లాభమును వ్యాపారములోనే యుంచి శీతలగిడ్డంగియో, ఎగుమతి కేంద్రమో కట్టదలచినవారికి కంపెనీ మేలు.

కొబ్బరితోటలున్నవారికి దీనికిమించిన విచారణ ఒకటి యవసరము. తోటనుండి వచ్చు వ్యవసాయాదాయము పన్నులేనిది. సొంతతోట కాయను సొంతనూనెమిల్లులో వాడుకొన్నను ఆ కాయ మార్కెటువిలువ వ్యవసాయాదాయముగానే తీసివేయబడి, మిగిలినదే వ్యాపారలాభమగును. తోటలను కంపెనీ పేర పెట్టినచో కంపెనీకి ఆ మినహాయింపు నిలుచును గాని, అది పంచు డివిడెండు షేరుదారుని చేతిలో వ్యవసాయాదాయము కాదు. తేయాకు కంపెనీ డివిడెండును గూర్చి బచా గుజ్దార్ కేసులో 1954లోనే సుప్రీంకోర్టు చెప్పినది ఇదియే: భూమితో సంబంధము కంపెనీది, షేరుదారునకు సంబంధము కంపెనీతో మాత్రమే. పురపాలకసంఘపు హద్దులకు దూరమైన గ్రామీణవ్యవసాయభూమిని మనుష్యుడు అమ్మినచో మూలధనలాభపు పన్ను లేదు. ఆ భూమిగల కంపెనీ షేర్లను అమ్మినచో కలదు. తాతలనాటి తోటలను ఆధునికత పేరిట కంపెనీలలో కూర్చుట చూచినప్పుడు నాకు నిజముగా బాధ కలుగును. పన్నులేని సొత్తును పన్నుగల సొత్తుగా మార్చుకొని, వెనుకకు వచ్చు దారిని గూడ వారు మూసికొనుచున్నారు. భాగస్వామ్యమును కంపెనీగా మార్చుట, భాగస్వాములందరు అదే నిష్పత్తిలో షేరుదారులై, ఓటుహక్కులో సగమైనను అయిదేండ్లు తమచేతిలో నుంచుకొన్నచో, పన్నులేక జరుగును. కంపెనీని ఎల్ఎల్‌పీగా మార్చుటకు మాత్రము వెనుకటి మూడేండ్లలో ఏ యేటను వ్యాపారపు రాబడి 60 లక్షలకును, ఆస్తులు 5 కోట్లకును మించియుండరాదు. నడుచుచున్న మిల్లు ఏదియు ఆ సన్నని ద్వారమున పట్టదు.

2026 ఏప్రిల్ 1 నుండి అమలుగా నిర్ణయింపబడిన 2025 నాటి ఆదాయపు పన్ను చట్టముతో సెక్షను సంఖ్యలన్నియు మారును గాని, ఇచ్చట చెప్పిన మూలసూత్రములు మారుటలేదు. కావున కొనుగోలు ఒప్పందమున కొనువాడు పట్టుబట్టవలసిన షరతు ఒకటి నిలిచియే యుండును. పాతసంవత్సరముల పన్ను ఏదైన తేలినచో అమ్మినవాడు భరింపవలెనని వ్రాయించుకొనుటతో చాలదు. అమ్మినవాడు సొమ్ము తీసికొని హైదరాబాదుకో హూస్టన్‌కో తరలిపోయిన పిమ్మట ఆ వ్రాతతో వసూలగునది స్వల్పము. ధరలో కొంతభాగమును బ్యాంకులో ప్రత్యేకఖాతాయందు నిలుపవలెను. ఆదాయపు పన్ను శాఖ పాతలెక్కను తిరుగదోడుటకు గల గడువు సాధారణముగా అసెస్‌మెంటు సంవత్సరాంతమునుండి మూడేండ్ల మూడునెలలు, దాగిన ఆదాయము 50 లక్షలు గాని అంతకు మించి గాని యున్నచో అయిదేండ్ల మూడునెలలు. జీఎస్టీ నోటీసునకు 2024-25 నుండి వార్షికరిటర్ను గడువుతేదీ మొదలు 42 నెలలు. నిలిపిన సొమ్ము ఆ గడువులు తీరిన కొలది విడతలుగా విడుదల కావలెను. మొదటివిడత జీఎస్టీ గడువు తీరినపిమ్మట, కడపటి విడత అయిదేండ్ల మూడునెలలు నిండినపిమ్మట.